నిద్రకూ లెక్క ఉండాలి

గల్ఫ్ ఎండ నుంచి కూలీకి కొంత రక్షణ ఉంది. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. మంచిదే. కానీ ఎండకు ముందే పని సాగాలని చాలాచోట్ల చీకటితోనే బస్సెక్కిస్తారు. రాత్రి వంట, ఇంటికి ఫోను, అప్పుల లెక్క అయ్యేసరికి పదకొండు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు వాళ్లు ఒకే గదిలో ఉంటే ఇక నిద్రెక్కడ?

నిద్ర పట్టకపోతే 'ఇంటి మీద బెంగ, అదే పోతుంది' అనుకుంటాం. నిద్రలేమి దిగులును పెంచుతుంది. దిగులు ఉన్న నిద్రనూ చెడగొడుతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, దేనిమీదా మనసు పోకుంటే అది డిప్రెషన్ కావచ్చు. బద్ధకం కాదు, జబ్బు. వైద్యం ఉంది.

ఊరి నుంచి వచ్చేవాళ్లతో నిద్రమాత్రలు మాత్రం తెప్పించుకోవద్దు. అల్ప్రాజోలం, క్లోనజెపాం వంటివి యూఏఈలో నియంత్రణ ఉన్న మందులు. అనుమతి లేకుండా తెచ్చినవాళ్లు కేసులో ఇరుక్కోవచ్చు.

క్యాంపులో ఏసీ, మంచినీళ్లు అడిగినట్టే షిఫ్టువారీగా గదులు వేరు చేయమనీ మనం అడగాలి. పక్క మంచం మీది మనిషి రోజుల తరబడి మేలుకునే ఉంటే, 'ఏమైందన్నా' అని పలకరిద్దాం. డాక్టరు దగ్గరికి తోడు వెళ్దాం.