టాటూ స్టూడియో పెడుతున్నారా? మెషీన్ కంటే ముందు చూడాల్సినవి ఇవీ

పచ్చబొట్టు అంటే ఒకప్పుడు జాతరే. శివరాత్రికి జనగామ జిల్లాలో పాలకుర్తి, మహబూబాబాద్ జిల్లాలో కురవి, భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం కిటకిటలాడతాయి. అలాంటి చోట్ల చెట్టు కింద కూర్చుని ఒకే సూదితో వరసగా చేతుల మీద పేర్లు పొడవడం పెద్దవాళ్లకు తెలిసిందే. ఇప్పుడు అదే పనికి మడిగె అద్దెకు తీసుకుని, ఎల్‌ఈడీ బోర్డు పెట్టి టాటూ స్టూడియో అంటున్నారు. మరి సూది సంగతి ఎవరు చూస్తున్నారు?

అనుమతులు ఉన్నాయి, తనిఖీ లేదు

స్టూడియోకు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖలో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. పెట్టుబడికి ముద్రా పథకంలో 'శిశు' కింద 50 వేల రూపాయల వరకు రుణం అడగొచ్చు. ఇవన్నీ వ్యాపారం కాగితాలే. సూదులు, ఇంకులు ఎలా ఉండాలో చెప్పే ప్రత్యేక టాటూ చట్టం దేశంలో లేదు. కర్ణాటక ప్రభుత్వం 2025లో ఇంకు నమూనాల్లో 22 లోహాలు కనిపించాయని చెప్పి, నిబంధనలు తేవాలని కేంద్రాన్ని కోరతామంది. యూరప్‌లో మాత్రం 2022 జనవరి నుంచే టాటూ ఇంకుల్లోని వేలాది రసాయనాలపై ఆంక్షలున్నాయి.

అంటే ప్రస్తుతానికి యజమాని ఏం కొంటాడన్నదే కస్టమర్‌కు రక్ష.

కొత్తవాళ్లు ఎక్కువ డబ్బు మెషీన్ మీద పోస్తారు. అంత అవసరం లేదనిపిస్తుంది. కాయిల్ మెషీన్ బరువు, చప్పుడు ఎక్కువ. నేర్చుకునేవాళ్లకు పెన్ లాంటి రోటరీ మెషీన్ చాలు. అసలు ఖర్చు సూదుల దగ్గర పెట్టాలి. కాట్రిడ్జ్ సూదులు కొనేటప్పుడు లోపల మెంబ్రేన్ ఉందో లేదో అడగండి. ఆ పల్చటి పొర లేకపోతే ఇంకు, రక్తం వెనక్కి మెషీన్‌లోకి వెళ్తాయి. అప్పుడు సూది మార్చినా లాభం ఉండదు. ప్యాకెట్ మీద స్టెరిలైజ్ చేసినట్టు గుర్తు, లాట్ నంబర్, గడువు తేదీ ఉండాలి. దాన్ని కస్టమర్ ముందే విప్పాలి, పని కాగానే పారేయాలి.

హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సూదిని వేడినీళ్లలో ముంచడం, స్పిరిట్‌తో తుడవడం సరిపోవు. చాలాచోట్ల కనిపించే నీలం లైటు యూవీ పెట్టె కూడా స్టెరిలైజర్ కాదు. తిరిగి వాడే స్టీల్ గ్రిప్పులుంటే ఆటోక్లేవ్ కొనాల్సిందే: 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల పీడనం. అది కొనలేకపోతే అన్నీ ఒక్కసారి వాడి పారేసేవే తెచ్చుకోవడం మేలు.

ఇంకును సీసాలోంచి నేరుగా వాడకూడదు. ఒక్కొక్కరికి వేరే చిన్న కప్పులో పోయాలి, మిగిలితే పారబోయాలి. పలచన చేయడానికి నల్లా నీళ్లు అసలే వద్దు. అమెరికాలోని రోచెస్టర్‌లో 2011-12లో 19 మందికి చర్మ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. తయారీలో డిస్టిల్డ్ వాటర్ కలిపిన ఇంకు అది. డిస్టిల్డ్ వేరు, స్టెరైల్ వేరు. నైట్రైల్ గ్లవ్స్, మెషీన్‌కు తొడిగే కవర్లు, బెడ్ మీద పరిచే షీటు, కొత్త రేజర్ ఎలాగూ మనిషి మనిషికీ మారాలి.

వాడిన సూదులు ఎటు పోతున్నాయి?

అసలు చిక్కు ఇక్కడే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఆసుపత్రులు, క్లినిక్‌లు, ల్యాబులు, రక్తదాన శిబిరాలను పేరుపెట్టి చెప్పాయి. టాటూ స్టూడియో పేరు అందులో లేదు. దాంతో సూదులు చెత్తబండిలోకి పోతే, గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతికి. ఆసుపత్రుల్లో వాడే తెల్లటి, సూది దిగని డబ్బా ఒకటి కొని, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చు. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కు ఆ ఒప్పందం కాగితం అడిగితే మున్సిపాలిటీకి పోయేదేమీ లేదు.

టాటూ వేసేవాళ్లు హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోవాలి: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు, నీళ్లతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. అనుమానం ఉన్న కస్టమర్లకు ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సమాచారానికి టోల్‌ఫ్రీ నంబర్ 1097. టాటూ వేయించుకున్నవాళ్లు 12 నెలల వరకు రక్తదానం చేయకూడదు, ఆ మాట స్టూడియోలోనే చెప్పి పంపాలి.