బడి క్యాంటీన్‌లో ఏది అమ్మాలో అద్దె నిర్ణయిస్తున్నది

కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల పదార్థాలను పాఠశాల ఆవరణలోనూ, ద్వారం నుండి ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపలనూ పిల్లలకు విక్రయించరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు జారీ చేసింది. వాటిని ఉచితంగా పంచడమూ, ప్రకటనలు వేయడమూ కూడా నిషిద్ధమే. 2021 జులై 1 నుండి ఇవి అమలులో ఉన్నట్టు లెక్క. ఆ లెక్క ఎంతవరకు నిజమో తెలియాలంటే విరామ సమయంలో మీ పిల్లల బడి క్యాంటీన్ ముందు ఐదు నిమిషాలు నిలబడండి.

యాజమాన్యాలు చెప్పే సమాధానం ఒక్కటే: "పిల్లలు అవే అడుగుతున్నారండీ." గణితం వద్దని ఏడ్చే పిల్లవాడికి గణితం మాన్పించని వీరు, చిప్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లల అభీష్టాన్ని ఎంతగా గౌరవిస్తారో!

అసలు కారణం వేరు. చాలా ప్రైవేటు పాఠశాలల్లో క్యాంటీన్‌ను ఎక్కువ అద్దె ఇచ్చేవారికి అప్పగిస్తారు. ఆ అద్దె రాబట్టుకోవలసిన కాంట్రాక్టరు, నెలల తరబడి చెడిపోని ప్యాకెట్లనూ, ఒకే మూకుడులో రోజంతా కాగే నూనెలో వేగే సమోసాలనూ ఎంచుకుంటాడు. ఉడికించిన సెనగల గుగ్గిళ్ళు సాయంత్రానికి పాడవుతాయి. అరటిపండు రెండు రోజులకు నల్లబడుతుంది. మజ్జిగ పులుస్తుంది. మిగిలితే నష్టం అతనిదే. అందువలన కాంట్రాక్టరును ఒక్కడినే తిట్టడం నాకు సమ్మతం కాదు. అతని సరుకుల జాబితాను వ్రాసినది యాజమాన్యపు అద్దె ఒప్పందమే.

ఇక శరీరం సంగతి. ఎనిమిదేళ్ళ పిల్లకు రోజుకు సుమారు 1700 కేలరీల శక్తి కావాలి. విడిగా కలిపే చక్కెర ద్వారా వచ్చే శక్తి అందులో 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే 21 గ్రాములు. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 26 గ్రాములుంటుంది. ఒక్క సీసాతోనే ఆనాటి కోటా దాటిపోయింది! 2016–18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళవారిలో దాదాపు పదిమందికి ఒకరికి మధుమేహపు పూర్వదశ కనిపించింది. ఉప్పు విషయంలో ఒక చిన్న కిటుకు: ప్యాకెట్ మీద సోడియం అని వ్రాసిన అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. అంకె 100 గ్రాములకా, మొత్తం ప్యాకెట్‌కా అన్నది కూడా చూడండి.

చక్కెర వలన కలిగే హానిని తెలిపే బోర్డులు పెట్టాలని 2025లో సి.బి.ఎస్.ఇ. పాఠశాలలను ఆదేశించింది. మంచిదే. కానీ గోడ మీద చక్కెర బోర్డు, గోడ ప్రక్కనే చక్కెర నీళ్ళ అమ్మకం అయితే పిల్లలు దేనిని నమ్మాలి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు, రాగిజావ, వేరుసెనగ చిక్కీ ఉన్నాయి. వంటలో, వడ్డనలో లోపాలు లేవనను. అయినా రుసుము లేని బడిలో పిల్లవాడికి గుడ్డు పెట్టే ఏర్పాటు ఉండగా, లక్షలు వసూలు చేసే బడి చిప్స్ అమ్మి అద్దె సంపాదించడం సిగ్గుచేటు.

కనుక తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల మాట ముగిశాక క్యాంటీన్ ఒప్పంద పత్రం చూపమని అడగండి. అద్దె పూర్తిగా రద్దు చేసి, స్థలం, నీరు, విద్యుత్తు ఉచితంగా ఇచ్చి, అందుకు ప్రతిగా గుగ్గిళ్ళు, ఇడ్లీ, పండ్లు, మజ్జిగ మాత్రమే అమ్మాలని షరతు వ్రాయించండి. మొదటి నెలల్లో మిగిలిపోయిన సరుకు నష్టాన్ని యాజమాన్యమే భరించాలి. ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణను వ్రాతపూర్వకంగా తీసుకుని జిల్లా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదుతో జతపరచండి.