బోల్టు విరిగిన నాగలి

పోయిన యాసంగి కోతల్లో మా ఊళ్ళో హార్వెస్టర్ నడిచేలో ఆగిపోయింది. ఇంజను బాగానే ఉంది, బెల్టు తెగలేదు, ట్యాంకులో డీజిల్ ఉంది. తెర మీద ఏదో అంకె వెలిగి ఊరుకుంది. మా మెకానిక్ ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్లు విప్పి బిగిస్తున్న మనిషి. చూసి చూసి, "ఇది నా చేతిలో లేదన్నా, కంపెనీ వాళ్ళ లాప్‌టాప్ రావాలి" అన్నాడు. అది వచ్చేసరికి నాలుగో రోజు. రెండో రోజే మబ్బు పట్టి వాన కొట్టింది. వడ్లు నేలకంటుకుపోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే మన దుఃఖం ఒక్క కంపెనీతో కాదు.

ఆ నాలుగు రోజులూ గట్టు మీద కూర్చున్న కుర్రాళ్ళు ఒకటే మాట అన్నారు: "కొత్త యంత్రమంటే అంతే బాబాయ్, రిపేరు మన చేతిలో ఉండదు." మొదటి నుంచీ అంతేనా? కాదు. ఈ సంగతి చెప్పడానికి ఆస్ట్రేలియా దాకా వెళ్ళి రావాలి. విక్టోరియా రాణి కాలంలో అక్కడికి వలసపోయిన రైతులకు ఇంగ్లండు కంపెనీలు యంత్రాలు అమ్మిన కథ అది.

దక్షిణ ఆస్ట్రేలియా 1836లో ఆంగ్లేయులు పెట్టిన వలస. భూమి ఖాళీగా ఉందని కాగితాల మీద రాసుకుని, ఎకరాల లెక్కన అమ్ముకున్నారు. ఖాళీ ఏమీ కాదు. అడిలైడ్ మైదానం కౌర్నా ప్రజలది, పక్కనున్న యార్క్ ద్వీపకల్పం నరుంగ్గా ప్రజలది. ఇక్కడ చెప్పబోయే ప్రతి నాగలీ వాళ్ళ నేల మీదే నడిచింది. ఆ వలస రైతుల తెలివిని మేము మెచ్చుకుంటాం గానీ ఈ లెక్కను మాత్రం కొట్టెయ్యలేం.

వాళ్ళకు కావాల్సిన సామానంతా ఓడల్లో వచ్చేది. ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ వాళ్ళ ఇనుప నాగళ్ళు, లింకన్‌లోని క్లేటన్ అండ్ షటిల్‌వర్త్ వాళ్ళ ఆవిరి ఇంజన్లు, కంచె తీగ, ఇంటి పైకప్పుకీ వాననీటి తొట్టికీ కూడా పనికొచ్చే ముడతల రేకు. నెలల తరబడి సముద్రం మీద వచ్చిన సరుకు. ఒక భాగం విరిగితే ఇంగ్లండుకు ఉత్తరం రాసి మళ్ళీ నెలల తరబడి కూర్చోవాలి. కాబట్టి ఏ పల్లెకైనా కమ్మరి కొలిమే దిక్కు.

మొదటి ఇబ్బంది కోతల దగ్గర వచ్చింది. గోధుమ పండింది, కోసేవాళ్ళు దొరకలేదు. 1843లో అడిలైడ్ పెద్దలు కోత యంత్రానికి బహుమతి ప్రకటించారు. వచ్చిన నమూనాలు చూసి ఏదీ పనికిరాదని బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. ఆ పోటీకి రాని జాన్ రిడ్లీ అనే పిండిమిల్లు యజమాని అదే ఏడు ఒక యంత్రం చేసి చేలో నడిపించాడు. ముందు దువ్వెన లాంటి ఇనుప పళ్ళు, వాటి వెనక గిరగిరా తిరుగుతూ కంకులను కొట్టే రెక్కలు. గడ్డి చేలోనే నిలబడి ఉంటుంది, గింజ మాత్రం పెట్టెలో పడుతుంది. ఎండకు కంకి పెళుసెక్కే దేశంలోనే అది పనిచేస్తుంది, తడి గాలి ఆడే ఇంగ్లండులో దానికి పని లేదు. (పశువుల కోసం గడ్డి చూసుకునే మనకీ అది పనికిరాదు, అది వేరే సంగతి.) ఆ యంత్రం ఎవరి ఆలోచన అని తర్వాత తగువులాడుకున్నారు. జాన్ బుల్ అనే రైతు అది తనదన్నాడు. ఆ తగువు మనకెందుకు. మనకు కావాల్సింది ఒక్కటే: రిడ్లీ దానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. చేసుకున్నారు కూడా. ఊరి కమ్మరులూ చిన్న కార్ఖానాలూ దాన్ని తయారుచేసి, తమ నేలకు తగ్గట్టు మార్చుకుంటూ పోయారు.

రెండోది దుక్కి. యార్క్ ద్వీపకల్పంలో మల్లీ అనే చెట్ల అడవి. పైన కొట్టేసినా భూమిలో కుండంత దుంప మిగులుతుంది, మళ్ళీ చిగురేస్తుంది. ముల్లెన్ అనే రైతు ఒక ఉపాయం కనిపెట్టాడు. బరువైన రోలరుతో ఆ పొదలను తొక్కించి, ఎండాక తగలబెట్టి, మొద్దులను తవ్వకుండానే గోధుమ చల్లేవాడు. ఖర్చు తగ్గింది గానీ నాగలికి మూడింది. ఇంగ్లండు నాగలి మెత్తని నేలకు చేసింది. కర్రు మొద్దుకు తగిలితే కర్రు విరగాలి, లేదా గుర్రం మెడ పట్టెయ్యాలి, లేదా మేడి పట్టుకున్నవాడు ఎగిరి పడాలి.

1876లో రిచర్డ్ బౌయర్ స్మిత్ అనే ఆయన దీనికి మందు కనిపెట్టాడు. దున్నుతుంటే నాగలికి ఒక బోల్టు విరిగిందట. కర్రు వదులై, మొద్దు తగలగానే పైకి లేచి దాటి, మళ్ళీ తనంతట తానే నేలలోకి దిగిందట. విరిగిందని తిట్టుకుని కొత్త బోల్టు బిగించి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆయన అది చూసి ప్రతి కర్రునూ కీలు మీద వేలాడదీసి, దిగడానికి వెనక బరువు తగిలించాడు. అదే మొద్దు దాటే నాగలి. పేటెంటు తీసుకున్నాడు గానీ నిలుపుకునే సొమ్ము లేక వదిలేశాడు. చుట్టుపక్కల వాళ్ళంతా దాన్ని చేశారు. తమ్ముడు క్లారెన్స్ ఆర్డ్రొసాన్‌లో కార్ఖానా పెట్టాడు. పెద్ద ఇంగ్లండు కంపెనీ ఇంజనీరుకు తట్టనిది అక్కడ మొద్దుతో రోజూ తన్నులు తిన్నవాడికి తట్టింది. ఎందుకు తట్టింది? ఆ నాగలి విప్పి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి.

అంతా బాగుందని చెప్పడం లేదు. యంత్రం వచ్చిందని అప్పూ వచ్చింది. 1869లో స్ట్రాంగ్‌వేస్ చట్టం కింద భూమిని వాయిదాల మీద ఇచ్చారు. ఐదో వంతు ముందు, మిగతాది నాలుగేళ్ళలో. భూమి అప్పు, దాని మీద నాగలి అప్పు, పంట వచ్చేదాకా కిరాణా కొట్లో అప్పు. సర్వేయర్ జనరల్ గోయిడర్ 1865లోనే కరువు చూసి వచ్చి పటం మీద ఒక గీత గీశాడు. దానికి ఉత్తరాన వాన నమ్మలేమని చెప్పాడు. తర్వాత నాలుగైదేళ్ళు మంచి వానలు పడ్డాయి. దున్నితే వాన వెంట వస్తుందని నమ్మేవాళ్ళు బయల్దేరారు. 1874లో ప్రభుత్వం ఆ గీత అడ్డు తీసేసింది. 1880 నుంచి మళ్ళీ కరువు. వాయిదాలు కట్టలేక జనం ఇళ్ళు వదిలి పోయారు. ఆ రాతి గోడలు ఈనాటికీ పైకప్పుల్లేకుండా నిలబడి ఉన్నాయి. నాగలి మంచిదే. కానీ వాన రాని చోటికి మనిషిని తీసుకుపోయింది నాగలి కాదు, అప్పు కాగితం.

ఇదే కాలంలో మన వైపు ఏం జరిగింది? 1865లో మద్రాసు దగ్గర సైదాపేటలో సర్కారు ఒక ప్రయోగ క్షేత్రం పెట్టింది. ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్ళు, విత్తే యంత్రాలు, నూర్పిడి యంత్రాలు తెప్పించింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. మన రైతు కొనలేదు. వెనకబడ్డ జనమన్నారు. సర్కారే పంపగా 1889లో వచ్చి ఊళ్ళు తిరిగిన వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మాత్రం 1893 నివేదికలో వేరే మాట రాశాడు. ఇక్కడి మంచి రైతు ఇంగ్లండు రైతుకు ఏమాత్రం తీసిపోడని, కొన్నిటిలో పైచెయ్యేనని. మన నాగలి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునేది. విరిగితే సాయంత్రానికి ఊరి వడ్రంగి చేసిచ్చేవాడు. అది వెనకబాటో లెక్కో చదివేవాళ్ళే తేల్చండి.

ఆస్ట్రేలియాలో చివరికి కార్ఖానాలే పెరిగాయి. విక్టోరియా రాష్ట్రంలో రైతు కొడుకు హ్యూ మెకే 1884లో కోత, నూర్పిడి, తూర్పారబట్టడం ఒకేసారి చేసే యంత్రం కట్టాడు. అప్పటికే మారో అనే ఇంకొకాయన ఇలాంటిది చేశాడు, అక్కడా తగువే. సన్‌షైన్ పేరుతో మెకే కార్ఖానా దేశంలోనే పెద్దదైంది. అక్కడి కూలీల కోసం 1907లో జడ్జి హిగ్గిన్స్ ఒక కుటుంబం మర్యాదగా బతకాలంటే రోజుకు ఏడు షిల్లింగులు ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఆ దేశంలో కనీస కూలి ఆలోచనకు అదే పునాది. మెకే పై కోర్టుకు వెళ్ళి గెలిచాడు. 1911లో కార్మికులు సమ్మె కట్టి ఓడిపోయారు. కొలిమి దగ్గర మొదలైనవాడు కూడా యజమాని అయ్యాక యజమానే.

మెకే కంపెనీ 1950లలో మాస్సీ చేతికి వెళ్ళింది. కెనడాలో 1847లో ఒక చిన్న కొట్టుగా మొదలైన మాస్సీయే, 1960ల నుంచి మద్రాసులో తయారై మన ఊళ్ళ ట్రాక్టర్ల ముందు కనపడే పేరు. ఇంతకీ ఆ పాత ట్రాక్టర్లను మా మెకానిక్ చెట్టు కింద విప్పి సాయంత్రానికి బిగించేవాడు.

ఇప్పుడు విప్పనివ్వరు. ఇది మన ఒక్కరి మాటే కాదు. మొద్దు దాటే నాగలి పుట్టిన ఆస్ట్రేలియాలోనే 2021లో అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ వ్యవసాయ యంత్రాలపై నివేదిక ఇస్తూ, రిపేరు సమాచారం, పనిముట్లు బయటి మెకానిక్‌లకు దొరకడం లేదని, చట్టం కావాలని చెప్పింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, మొదటి నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. పోర్టల్ పెట్టారు. పోర్టల్‌తో చేలో యంత్రం కదలదు. తెర మీద వచ్చే అంకెకు అర్థమేమిటో తెలుగు పుస్తకంలో రాసి యంత్రంతో ఇవ్వాలి. కంపెనీ వాళ్ళు వాడే పరీక్ష పరికరం మండలానికొకటైనా బయటి మెకానిక్‌కు ధర కట్టి అమ్మాలి. వారంటీలో ఉన్న బండిని బయట విప్పితే వారంటీ పోతుందన్న షరతు తీసెయ్యాలి. సబ్సిడీ ఇచ్చే సర్కారు ఈ మూడూ ఒప్పుకున్న కంపెనీకే సబ్సిడీ కట్టాలి. ఆ డబ్బు మనది.

మీ దగ్గర గత రెండేళ్ళ రిపేరు రసీదులుంటే జాగ్రత్త చెయ్యండి. ఎన్ని రోజులు యంత్రం ఆగింది, ఎంత కట్టారు, ఆ రోజుల్లో పంట ఏమైంది అన్నది ఒక కాగితం మీద రాసి వచ్చే మండల సమావేశానికి తీసుకురండి. మెకానిక్‌లను కూడా పిలుచుకు రండి. వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.