ఫస్ట్ క్లాస్ మనల్ని మోయడం లేదు

తెలుగు యూట్యూబ్‌లో కొన్నేళ్ళుగా ఒక రకం వీడియోకు మంచి గిరాకీ. దుబాయ్ నుంచో అబుధాబి నుంచో బయల్దేరే పెద్ద విమానంలో ఫస్ట్ క్లాస్ ఎక్కినాయన సూటు తలుపు మూసి చూపిస్తాడు, మళ్ళీ తెరిచి చూపిస్తాడు, బంగారు రంగు పట్టీల మీద వేలు రాస్తాడు, షాంపేన్ గ్లాసు కెమెరా దగ్గరకు తెస్తాడు. కింద వందల కామెంట్లు: జీవితంలో ఒక్కసారైనా ఎక్కాలన్నా, అని. చూసి సరదాపడితే పోయేదేమీ లేదు. కానీ ఆ సరదా వెనక రెండు నమ్మకాలు జనంలో బాగా పాతుకుపోయాయి. అంత గొప్ప ఫస్ట్ క్లాస్ నడిపే కంపెనీ గొప్ప కంపెనీ అన్నది ఒకటి. ముందు కూర్చున్న ఆ కొద్దిమంది లక్షలు కట్టబట్టే వెనక మనకు టికెట్ ఈ ధరకైనా దొరుకుతోందన్నది రెండోది. ఈ రెండోదాన్ని చదువుకున్నవాళ్ళే ఎక్కువగా చెబుతారు, అర్థశాస్త్రం పాఠం ఒప్పజెబుతున్నట్టు. రెండూ తప్పే. రెండోది తప్పని తేలితే మొదటిది తనంతట తానే కూలుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఎమిరేట్స్ 2017లో బోయింగ్ 777 కోసం కొత్త సూటు తెచ్చింది. చుట్టూ గోడలు, మూసుకునే తలుపు. మధ్యలో ఉండే సూటుకు కిటికీ ఉండదు గనక కెమెరాలతో బయటి ఆకాశాన్ని చూపించే తెరలు పెట్టారు. ఒక్కొక్కరికి 40 చదరపు అడుగుల దాకా చోటు అని కంపెనీయే గొప్పగా చెప్పుకుంది. వరసకు ముగ్గురు, మొత్తం ఆరుగురు. అదే విమానంలో ఎకానమీ సీటు వెడల్పు దాదాపు 17 అంగుళాలు, వరసకూ వరసకూ ఎడం 32 అంగుళాలు. గుణించి చూడండి, నాలుగు చదరపు అడుగులు కూడా రాదు. విమానం వెడల్పు ముందూ వెనకా ఒకటే. ముందు ఆ వెడల్పులో ముగ్గురు, వెనక పదిమంది.

అంటే ఒక్క సూటు పట్టే చోటులో పది ఎకానమీ సీట్లు పడతాయి. కాబట్టి ఫస్ట్ క్లాస్ టికెట్ ఎకానమీకి పది రెట్లు దాటితే గాని ఆ చోటుకు అద్దె కూడా గిట్టదు. ధరలు పూటకో రకంగా ఉంటాయి, నేనిక్కడ ఒక అంకె వేస్తే రేపటికి మారిపోతుంది. మీకు ఇష్టమైన తేదీ పెట్టి మీరే వెతకండి, ఎన్ని రెట్లుందో చూడండి. ఆపైన ఇంటి దగ్గరికి వచ్చే కారు, ఎయిర్‌పోర్టులో వేరే లాంజ్, వేరే వంట, ఆరుగురి కోసం ప్రత్యేకంగా తిరిగే సిబ్బంది. ఇన్నీ పోను ఏ సీటూ ఖాళీగా పోకూడదు, మైళ్ళు వాడుకుని ఎక్కేవాళ్ళూ ఉచితంగా పైకి జరిపినవాళ్ళూ ఉండకూడదు. ఇవన్నీ కుదిరాక కూడా ఏమైనా మిగిలితే అప్పుడు మన టికెట్‌ను వాళ్ళు మోసే మాట.

నా లెక్క మీద నమ్మకం లేకపోతే కంపెనీలు చేసినదాన్ని చూడండి. డెల్టా అంతర్జాతీయ ఫస్ట్ క్లాస్‌ను 1990లలోనే వదిలేసింది. యునైటెడ్ 2016లో పొలారిస్ పేరుతో కొత్త బిజినెస్ క్లాస్ ప్రకటించి ఫస్ట్‌కు మంగళం పాడింది. 2022 అక్టోబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాణిజ్య విభాగాధిపతి వాసు రాజా తామూ ఎత్తేస్తున్నామని మదుపరులకు చెప్పాడు, కారణం దాచుకోలేదు కూడా: కొనేవాళ్ళు లేరు. ఆ చోటులో బిజినెస్ సీట్లు పెంచుతున్నారు. మన ఎయిరిండియా తెచ్చిన కొత్త ఎయిర్‌బస్ ఎ350లలో కూడా ఫస్ట్ లేదు. అన్నిటికన్నా సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంగతి చెప్పుకోవాలి. ఎ380 పైఅంతస్తులో మంచమూ కుర్చీ వేరువేరుగా ఉండే ఆరు సూట్లకు పేరుపడ్డ కంపెనీ అది. అదే కంపెనీ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు పద్దెనిమిది గంటలు పైబడి ఆగకుండా ఎగిరే సర్వీసును 2018లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అందులో 67 బిజినెస్ సీట్లు, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు పెట్టింది. ఫస్ట్ క్లాస్ ఒక్కటీ లేదు. ప్రపంచంలో అతి పొడవైన ప్రయాణం, దండిగా డబ్బున్న నగరం, విలాసానికి మారుపేరైన కంపెనీ. ఫస్ట్ క్లాసే లాభాల గని అయితే అక్కడ కదా ఉండాల్సింది?

ఈ మార్పుకు మూలం 2000లో ఉంది. ఆ ఏడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా చదునుగా పరుచుకునే పడక పెట్టింది. రాత్రి విమానంలో డబ్బు పెట్టి కొనదగ్గది ఏదన్నా ఉంటే అది కాళ్ళు చాపుకుని పడుకోవడమే. అది బిజినెస్‌కు దిగివచ్చాక ఫస్ట్ క్లాస్ దగ్గర మిగిలినవి గోడ, తలుపు, షాంపేన్. అయినా ఎయిర్ ఫ్రాన్స్ వంటివి కొత్త సూట్లు తెస్తున్నాయి కదా అంటారు. తెస్తున్నాయి, విమానానికి నాలుగు. విమానం బరువును నాలుగు సీట్లు మోయవు, పేరును మోస్తాయి.

అసలు విషయం అక్కడే ఉంది. ఫస్ట్ క్లాస్ ఎగిరే హోర్డింగ్. 2015లో ఎమిరేట్స్ హాలీవుడ్ నటి జెన్నిఫర్ ఆనిస్టన్‌తో ఒక ప్రకటన తీసింది. వేరే కంపెనీ విమానంలో స్నానాలగది లేదని తెలిసి ఆమె బెంబేలెత్తిపోయే పీడకల అది. ప్రపంచమంతా టీవీల్లో, ఫోన్లలో తిరిగింది. ఎమిరేట్స్ ఎ380లో ఫస్ట్ క్లాస్ సీట్లు పద్నాలుగు, షవర్లు రెండు. పద్నాలుగు సీట్లు అమ్ముకోవడానికి ఎవరూ ప్రపంచానికంతటికీ ప్రకటన వెయ్యరు. అది చూసి ఎకానమీ టికెట్ కొనే మన కోసం వేశారు. పెద్ద బట్టల కొట్టు అద్దాల్లో బొమ్మకు రెండు లక్షల పట్టుచీర కడతారు, లోపలికెళ్ళినవాళ్ళు తమ స్తోమతు కొద్దీ వెయ్యి రూపాయల చీర తెచ్చుకుంటారు. వ్యాపారం అన్నాక అంతే. కాకపోతే ఆ కొట్టువాడు పట్టుచీర చూపించి వెయ్యి రూపాయల చీరలో మూరెడు కత్తిరించడు.

విమాన కంపెనీలు కత్తిరించాయి. బోయింగ్ 777 మొదట యునైటెడ్ చేతుల మీదుగా 1995లో ఎగిరినప్పుడు ఎకానమీ వరసకు తొమ్మిది సీట్లు. ఇప్పుడు చాలా కంపెనీల్లో పది. సూట్లకు, షవర్లకు చప్పట్లు కొట్టించుకునే ఎమిరేట్స్ 777లో కూడా పదే. గోడలు బయటికి జరగలేదు కనక పదో సీటు మిగతా తొమ్మిదింటి నుంచి కోసుకున్నదే. సీట్లకు కనీస కొలత ఎంతుండాలో తేల్చమని అమెరికా కాంగ్రెస్ అక్కడి విమానయాన నియంత్రణ సంస్థకు 2018లోనే చట్టంలో రాసిచ్చింది. ఆ సంస్థ 2022లో ప్రజల అభిప్రాయాలు అడిగితే వేలకొద్దీ వచ్చిపడ్డాయి. కొలత మాత్రం తేలలేదు. ఈ విషయంపై తెలుగులో వీడియోలు కనపడవు.

ఇక ఆ విలాసం ఎంతటిదో దగ్గరగా చూద్దాం. ఎ380 షవర్‌లో వేణ్ణీళ్ళు ఐదు నిమిషాలు. గోడ మీద దీపం పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మారుతుంటుంది. తలకు నురగ పట్టించుకుని దీపం వైపు చూస్తూ చేసే స్నానం. మున్సిపాలిటీ పంపు దగ్గర బిందెలతో నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళకు ఆ కంగారు కొత్తది కాదు. భోజనంలో కేవియర్ ఇస్తారు, లోహం తగిలితే రుచి చెడుతుందని ముత్యపు చిప్ప చెంచాతో. చెంచా గురించి ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్ళు గాలిని మాత్రం మార్చలేరు. విమానం లోపలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, గాలిలో తేమ చాలాసార్లు 20 శాతానికి కిందే. ముక్కు ఎండిపోతుంది, నాలుక మొద్దుబారుతుంది. జర్మనీలో లుఫ్తాన్సా కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ పాత ఎయిర్‌బస్ ముక్కను నేల మీదే పెట్టి, లోపల ఆ ఒత్తిడి కల్పించి మనుషులకు భోజనం పెట్టి చూసింది. ఉప్పు, తీపి బాగా తగ్గి తెలుస్తాయి. పులుపూ కారమూ పెద్దగా తగ్గవు. అంటే ఆ ఎత్తులో పరువు నిలుపుకునేది ఉప్పటి చేపగుడ్లు కాదు, నలభయ్యో వరసలో పెద్దావిడ డబ్బా మూత తీసిన చింతపండు పులిహోర. ఆవిడకు ఎవరూ ముత్యపు చెంచా ఇవ్వలేదు, అవసరమూ రాలేదు.

ఆ పెద్దావిడ గురించే నా బాధంతా. శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక చెకిన్ కౌంటర్ల దగ్గర వీల్‌చైర్ల వరస చూసినవాళ్ళకు తెలుసు. అందులో సగంమంది నడవగలిగినవాళ్ళే. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాలి, భాష రాదు, దారి తెలీదు, అందుకని కొడుకో అల్లుడో వీల్‌చైర్ అని బుకింగ్‌లో రాయించి ఉంటారు. కూతురి కాన్పుకు డాలస్ వెళుతున్న అమ్మ, చీర మీద స్వెటర్, మెళ్ళో పాస్‌పోర్టు సంచి. గల్ఫ్‌లో ఎక్కిన తర్వాత పదిహేను గంటల ప్రయాణం మధ్యసీటులో. పక్కవాళ్ళను లేపడం మొహమాటం, కాబట్టి నీళ్ళు తాగదు. దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టవు. ఆ పదో సీటు ఎవరి ఒంటి మీద కోశారో చూడాలంటే ఆ పాదాలు చూడాలి.

ఇక మనవాళ్ళలో ఇంకో సగం. ఎమిరేట్స్ మొదటి విమానం 1985 అక్టోబరు 25న అద్దె విమానంతో ఎగిరింది, లండన్‌కో పారిస్‌కో కాదు, కరాచీకి. వెంటనే బొంబాయి, ఢిల్లీ. ఎడారి నగరాలు కట్టడానికి వెళ్ళే కూలీల దారి అది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్ పోయినవాళ్ళు, కడప నుంచీ కోనసీమ నుంచీ కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు నలభై ఏళ్ళుగా ఈ విమానాల వెనక భాగం నింపుతున్నారు. అప్పు చేసి టికెట్ కొన్నవాళ్ళు. ఎవరు ఎవర్ని మోస్తున్నారని అడిగితే ముందువాళ్ళ వైపు చెయ్యి చూపించేముందు ఈ లెక్క కూడా చూడాలి.

ఇదంతా అందని ద్రాక్ష పులుపు అనేవాళ్ళుంటారు. అనుకోనివ్వండి. డబ్బున్నవాడు తన డబ్బుతో సూటు కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. నడుం నొప్పితోనో ఆపరేషన్ అయిన ఒంటితోనో ఉన్నవాళ్ళకు పడక నిజంగా అవసరం, బిజినెస్‌లో అది దొరుకుతోంది కూడా. నా పేచీ కొన్నవాడితో కాదు, కొననివాడు కొట్టే చప్పట్లతో. ఖరీదు కట్టాడు కదా అనే మాట కూడా సగమే నిజం. చోటు పదింతలు వాడుకుంటే పొగలో వాటా కూడా పెరుగుతుంది. ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడి కార్బన్ ఎకానమీవాడికి తొమ్మిది రెట్ల దాకా ఉండొచ్చని ప్రపంచ బ్యాంకు పత్రం 2013లోనే లెక్క చెప్పింది. ఆ ఖరీదు ఏ టికెట్‌లోనూ కలవలేదు. మన ప్రభుత్వం 2025 సెప్టెంబరు నుంచి ఎకానమీపై జీఎస్టీ 5 శాతం ఉంచి పై తరగతులకు 18 చేసింది; అది కొంత నయం, అంతే.

కాబట్టి ఈసారి అమ్మానాన్నలకు టికెట్ తీసేముందు ఆ కంపెనీ సూటు వీడియో చూడకండి. సీట్ మ్యాప్ తెరిచి ఎకానమీ వరసలో ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టండి. 777లో తొమ్మిది పెట్టే కంపెనీలు ఇంకా ఉన్నాయి, వందో రెండొందలో డాలర్లు తేడా అయినా ముందు వాటిని చూడండి. నడవ పక్క సీటు ముందే కొని పెట్టండి. ఇక యూట్యూబర్ తమ్ముళ్ళకు ఒక మాట: మీరు సూటు తలుపు చాలాసార్లు తెరిచి చూపించారు, మేమూ చూశాం. వచ్చేసారి నలభయ్యో వరస మధ్యసీటులో పదిహేను గంటలు కూర్చుని తీయండి. వ్యూస్ తగ్గితే తగ్గుతాయి.