లోపల ఏముందో చెప్పరేం?

2001లో క్రిస్మస్ అమ్మకాల ముందు సోనీ కంపెనీకి ఊహించని దెబ్బ తగిలింది. యూరప్ దుకాణాలకు వెళ్లాల్సిన ప్లేస్టేషన్ వీడియోగేమ్ పెట్టెలను నెదర్లాండ్స్ అధికారులు నిలిపేశారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 13 లక్షలు. ఆటలో లోపం లేదు. పెట్టెతో పాటు ఇచ్చే వైర్లలో కాడ్మియం పరిమితికి మించి ఉంది, అంతే. ఆ వైర్లేమో బయటి నుంచి కొన్నవి. ప్రపంచమంతా పేరున్న కంపెనీకి తాను అమ్మే వస్తువులో ఏముందో పూర్తిగా తెలియదన్న సంగతి అలా బయటపడింది. సరుకిచ్చే ఫ్యాక్టరీలన్నిటినీ తనిఖీ చేసుకుంటూ పోవడం తప్ప సోనీకి వేరే దారి లేకపోయింది.

యూరప్‌లో ఎలక్ట్రానిక్ వస్తువులకు ‘రోస్’ అనే నిబంధనలు 2006 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం, మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు... మొత్తం ఆరింటికి పరిమితి పెట్టారు. బరువులో 0.1 శాతం, కాడ్మియం అయితే 0.01 శాతం దాటకూడదు. వినడానికి తేలికే. చిక్కంతా దేని బరువులో అన్న దగ్గరే వస్తుంది. మొత్తం వస్తువు బరువులో లెక్క కడితే 180 గ్రాముల ఫోనులో 0.18 గ్రాముల సీసం ఉన్నా చెల్లిపోతుంది. అందుకే విడదీయడానికి వీల్లేని ఒక్కో పదార్థాన్నీ విడిగా లెక్కించమంటుంది చట్టం. వైరులో రాగి వేరు, దాని మీది ప్లాస్టిక్ తొడుగు వేరు. బోర్డు మీద ఆవగింజంత టంకం చుక్క కూడా వేరే పదార్థమే.

దాంతో కంపెనీలకు కాగితాల పని మొదలైంది. ఫోనులో వందలాది విడిభాగాలుంటాయి. ప్రతి దానికీ అది చేసినవాడి నుంచి ధ్రువపత్రం రావాలి, అతనికి ముడిసరుకు ఇచ్చినవాడి నుంచి మరొకటి రావాలి. శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీకైనా, చర్లపల్లి పారిశ్రామికవాడలో బోర్డులు చేసే చిన్న యూనిట్‌కైనా సరుకు యూరప్ వెళ్లాలంటే ఇది తప్పదు. మరి ఆ కాగితం నిజమేనా? ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే తుపాకీలాంటి పరికరం గురిపెడితే క్షణాల్లో సీసం, కాడ్మియం ఉన్నదీ లేనిదీ తేలుతుంది. క్రోమియం దగ్గర మాత్రం అది ప్రమాదకరమైన రకమో, స్టీలు గిన్నెలో ఉండే మామూలు రకమో చెప్పలేదు. బ్రోమిన్‌తోనూ అదే ఇబ్బంది. అది తేలాలంటే ల్యాబ్‌కు పంపాలి, దానికి డబ్బు, సమయం కావాలి. అన్ని భాగాలనూ అలా పరీక్షించే స్తోమత ఎవరికీ లేదు కనుక వ్యవస్థ చాలా వరకు నమ్మకం మీదే నడుస్తుంది. కాగితం మీద సీసానికి బరువుండదు మరి.

భారత్ ఈ బాటలోకి ఆలస్యంగా వచ్చినా మంచి చట్టంతోనే వచ్చింది. 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో ఆ ఆరు పదార్థాలకూ అవే పరిమితులు పెట్టి, 2014 మే 1 నుంచి అమలన్నారు. వస్తువులోని పదార్థాల వివరాలను, నిబంధనలకు లోబడి ఉన్నట్లు ప్రకటనను కొనుగోలుదారుకిచ్చే పుస్తకంలో ముద్రించాలని 2016 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. మార్కెట్లో నమూనాలు కొని పరీక్షించే బాధ్యత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది. విఫలమైతే కంపెనీ సరుకు వెనక్కి తీసుకోవాలి. పరీక్ష ఖర్చు మొదట కంపెనీల మీదే పెట్టారు. 2018 సవరణతో దాన్ని ప్రభుత్వం భరించి, వస్తువు తప్పితేనే కంపెనీ నుంచి రాబట్టాలని మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నిబంధనలు 21 రకాలుగా ఉన్న జాబితాను 106కు పెంచాయి. పదార్థాలు మాత్రం ఆ ఆరే. యూరప్ 2019లోనే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నాలుగు థాలేట్లను కలిపి వాటిని పది చేసింది.

ఇంత చేసినా కొన్నవాడి చేతికి అందేదేమిటి? చాలా ఫోన్ల, మిక్సీల పుస్తకాల్లో చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం. ‘ఈ వస్తువు ఈ-వ్యర్థాల నిబంధనలకు అనుగుణంగా ఉంది’ అని. చట్టం అడిగిన ‘పదార్థాల వివరాలు’ ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోయాయని అనుకోవాలి.

యూరప్‌తో అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడి రీచ్ చట్టం కింద తీవ్ర ఆందోళనకరమైన పదార్థాల జాబితా ఒకటుంది. 2008లో 15 పేర్లతో మొదలై 240 దాటింది. వాటిలో ఏదైనా 0.1 శాతం మించి ఉందా అని మామూలు కొనుగోలుదారు అడిగితే, ఉన్నప్పుడు 45 రోజుల్లోగా పైసా తీసుకోకుండా చెప్పి తీరాలి. కంపెనీలు ఇక్కడా బరువు లెక్కతో తప్పించుకోబోతే 2015 సెప్టెంబరులో యూరప్ న్యాయస్థానం అడ్డుకట్ట వేసింది. సైకిల్ హ్యాండిల్ పిడిలో ఆ పదార్థం ఉంటే పిడి బరువులోనే లెక్కించాలి తప్ప సైకిల్ బరువులో కాదని ఆ తీర్పు సారాంశం. 2021 జనవరి 5 నుంచి ఆ వివరాలను అందరూ చూడగల డేటాబేస్‌లో నమోదు చేయడమూ తప్పనిసరి చేశారు.

భారత్‌లో అడిగే హక్కు లేదా అంటే, మాటల్లో ఉంది. నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం, ధర తెలుసుకోవడం వినియోగదారుల హక్కని 2019 చట్టం అంటోంది. జవాబు ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో రావాలో చెప్పలేదు. రసాయనాలన్నిటినీ నమోదు చేయించే సమగ్ర నిబంధనలకు 2020లో ముసాయిదా తయారైంది. 2024 నాటికీ అది ముసాయిదాగానే ఉంది. చిన్న పరిశ్రమలు భారం మోయలేవని, ఫార్ములాలు బయటపడతాయని పరిశ్రమల వాదన. ఫార్ములా ఎవరూ అడగడం లేదు, ఫలానా పదార్థం ఉందా లేదా అనే అడుగుతున్నారు. పైగా ఎగుమతి చేసే చిన్న యూనిట్లు అవే కాగితాలను విదేశీ కొనుగోలుదారుకు ఎప్పటినుంచో ఇస్తున్నాయి. ఇంట్లో వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని, ఆ మాట డబ్బా మీదే ముద్రించాలని ప్రభుత్వం పట్టుబట్టింది కూడా. 2017 నవంబరు 1 నుంచి ఆ నిబంధన అమలైంది. రంగు డబ్బాకు సాధ్యమైంది చార్జరుకు ఎందుకు కాదు?

ఫోను చేత్తో పట్టుకున్నందుకు ఎవరికీ సీసం అంటదు, నిజమే. అది మరమ్మతు బల్ల మీద, తుక్కు అడ్డాలో అంటుతుంది. మొరాదాబాద్‌లో రామగంగ ఒడ్డున సర్క్యూట్ బోర్డులు కాల్చి లోహాలు తీసిన కథనాలు ఏళ్ల తరబడి వచ్చాయి. సీసం లేదన్న ప్రకటనతో ఫ్యాక్టరీ దాటిన ఫోను హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లాంటి చోట బాగుకొస్తే, దాన్ని 40 శాతం సీసమున్న మామూలు టంకం తీగతో అతికినా అడిగేవారుండరు. భారత్‌లో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకుమించి ఉన్నట్లు 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది. పాత బ్యాటరీలు, రంగులు, మసాలాల కల్తీ వంటివెన్నో కలిస్తే వచ్చిన లెక్క అది. అందులో ఎలక్ట్రానిక్ తుక్కు వాటా ఎంతో తేలాలంటే, ముందు ఏ వస్తువులో ఏముందో తెలియాలి.

చైనాలో అమ్మే ఫోను పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. 2007 మార్చి 1 నుంచి అక్కడ అది తప్పనిసరి. ఎడమ పక్కన భాగాల పేర్లు, పైన పదార్థాల పేర్లు. పరిమితి లోపు ఉంటే సున్నా, దాటితే ఇంటూ గుర్తు. స్క్రీనుకు ఎన్ని సున్నాలో, చార్జరుకు ఎన్ని ఇంటూలో బడి పిల్లవాడైనా లెక్కపెట్టుకోగలడు.