ముడి దగ్గర అల ఏమవుతుంది?

విశాఖపట్నం రేవులో ఓడ గట్టు చేరటం మీరెప్పుడైనా చూశారా? 1933లో 'జలదుర్గ' అనే ఓడ రాకతో తెరుచుకున్న రేవు అది. ఓడను కట్టే మోకు చాలా బరువు. దాన్ని విసరటం ఎవరి తరమూ కాదు. అందుచేత ఖలాసీ ముందుగా ఒక సన్నతాడును గట్టు మీదికి విసురుతాడు. గట్టు మీది వాళ్ళు దాన్ని లాగితే, దాని కొసకు కట్టిన మోకు వెనకాలే వస్తుంది.

ఆ సన్నతాడును ఒక్కసారి ఝాడిస్తే అల పుట్టి పరుగెత్తుతుంది గదా! ముడి దగ్గరకు చేరాక అది ఏమవుతుంది?

ఇంట్లోనే చూడవచ్చు. ఒక సన్నతాడుకు లావుతాడును ముడివేసి నేలమీద పరవండి. లావుతాడు కొసను తమ్ముణ్ణి బిగువుగా పట్టుకోమనండి. మీరు సన్నతాడును కుడివైపుకు ఒక్కసారి ఝాడించండి. ముడి దగ్గర అల రెండవుతుంది. ఒకటి లావుతాడులోకి పోతుంది. రెండోది మీ దగ్గరకే తిరిగి వస్తుంది. కాని ఎడమవైపుకు తిరగబడి వస్తుంది! బరువైన తాడు సులువుగా కదలక, సన్నతాడును వెనక్కు పట్టి లాగటమే దీనికి కారణం.

ఒకే పొడవు ముక్కలను తూచితే లావుతాడు నాలుగింతలు బరువున్నదనుకుందాం. బిగువు రెంటిలోనూ ఒకటే. అప్పుడు లావుతాడులో అల వేగం సగమే. అందువల్ల అల పొడవూ సగానికి తగ్గుతుంది. 3 అంగుళాల ఎత్తు అల వస్తే, 2 అంగుళాల అల ముందుకు సాగుతుంది. 1 అంగుళం అల తిరగబడి వెనక్కు వస్తుంది. నేల రాపిడి వల్ల మీకు కాస్త తక్కువ కనిపించవచ్చు.

ఇప్పుడు తమ్ముణ్ణి లావుతాడు నుంచి 3 అంగుళాల అల పంపమనండి. సన్నతాడులో అది 4 అంగుళాలవుతుంది! వెనక్కు పోయే 1 అంగుళం అల ఈసారి తిరగబడదు. మరి ఎక్కువైన అంగుళం ఎక్కణ్ణించి వచ్చింది? తేలికతాడును ఊపటానికి తక్కువ శక్తి చాలు. లెక్క కడితే, రెండుసార్లూ 9 పాళ్ళ శక్తిలో 8 పాళ్ళు ముందుకు పోయింది, 1 పాలు వెనక్కు వచ్చింది. పోయిందీ లేదు, పెరిగిందీ లేదు.

విశాఖ ఉక్కునగరం కూడా గదా! ఉక్కును పరీక్షించేవారు చెవికి వినపడని ధ్వని తరంగాలను దానిలోకి పంపుతారు. లోపల పగులుంటే, అక్కడ ఉక్కు ఆగి గాలి మొదలవుతుంది. ముడి దగ్గర అల వలెనే తరంగం అక్కణ్ణించి వెనుదిరుగుతుంది. ఎంతసేపట్లో తిరిగి వచ్చిందో చూసి, పగులు ఎంత లోతున ఉన్నదో చెబుతారు. ఆ పగులు రైలుపట్టాలో ఉన్నదనుకోండి. తిరిగి వచ్చిన ఆ చిన్న తరంగమే ఎందరి ప్రాణాలనో కాపాడుతుంది!