ఇంటర్‌కూలర్ ఉంది సరే, వేడి చివరికి ఎక్కడికి పోతోంది?

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడలో అద్దకం మిల్లుల పనంతా వేడితోనే. పాలిస్టర్ బట్టకు రంగు గట్టిగా పట్టాలంటే జెట్ డైయింగ్ యంత్రంలో రంగునీటిని ఒత్తిడి కింద దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ దాకా కాచాలి. ఆ పని చేసేది యంత్రానికి బిగించిన గొట్టాల పరికరం. గొట్టం గోడకు ఒకవైపు రంగునీరు, మరోవైపు బాయిలర్ ఆవిరి. రెండూ కలవవు, గోడ గుండా వేడి మాత్రమే దాటుతుంది. రంగు పట్టాక ఆవిరి ఆపేసి, అదే పరికరంలోకి చన్నీళ్లు వదులుతారు. అంతదాకా కాచిన పరికరమే ఇప్పుడు చల్లార్చడం మొదలుపెడుతుంది. దాని పేరు హీట్ ఎక్స్చేంజర్, అంటే ఉష్ణ వినిమయ పరికరం.

మిల్లు గేటు ముందు ఆగిన టర్బో లారీలోనూ, టర్బో కారులోనూ దీని దగ్గరి చుట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ఇంటర్‌కూలర్ అంటారు. కారు ప్రకటనల్లో, విడిభాగాల దుకాణాల్లో ఈ రెండు పేర్లూ వేర్వేరు వస్తువుల్లా వినిపిస్తాయి. కొన్నిచోట్ల ఒకదానికి బదులు మరొకటి వాడేస్తారు. దీన్ని మాటల పట్టింపుగా కొట్టిపారేయడం సులువే. కానీ ఈ తేడా తెలియకపోతే డబ్బు ఒక భాగం మీద పోతుంది, లోపం మరో భాగంలో మిగిలిపోతుంది.

చల్లార్చడం ఎందుకు?

ఇంజిన్ ఎంత ఇంధనాన్ని మండించగలదన్నది దానికి అందే గాలిని బట్టి ఉంటుంది. ఎక్కువ గాలిని నొక్కి లోపలికి పంపే యంత్రమే సూపర్‌చార్జర్. దాన్ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. పొగ గొట్టంలోంచి బయటికి పోయే వాయువులతో తిరిగేది టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో పేటెంటు పొందింది ఈ రెండో ఆలోచనకే. ఏది తిప్పినా చిక్కు ఒకటే. సైకిలు పంపుతో గాలి కొడితే పంపు అడుగు వేడెక్కినట్టే, నొక్కిన గాలి ఇక్కడా వేడెక్కుతుంది.

సచిన్‌లో ఎండ 40 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఒక ఇంజిన్ గాలిని రెండింతల పీడనానికి నొక్కుతోందనుకోవాలి. నొక్కే యంత్రం సామర్థ్యం 70 శాతమైతే గాలి దాదాపు 138 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది. కాబట్టి పీడనం రెండింతలైనా అదే జాగాలో పట్టే గాలి బరువు ఒకటిన్నర రెట్లే. ఆ గాలిని 70 డిగ్రీలకు చల్లారిస్తే, దారిలో పోయే కొద్దిపాటి పీడనాన్ని పక్కన పెడితే, అది 1.8 రెట్లు దాటుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో మిశ్రమం అదుపు తప్పి ముందే అంటుకునే ‘నాకింగ్’ ముప్పు కూడా తగ్గుతుంది. డీజిల్ ఇంజిన్‌లో మంట ఉష్ణోగ్రత దిగి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఇంటర్‌కూలర్ వల్ల కలిగే మేలు ఇదే. అందులో సందేహం లేదు.

ఒక అంగలోనా, రెండు అంగల్లోనా?

చల్లార్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది గాలికి గాలి. నొక్కిన గాలిని బండి ముందుభాగంలో ఉన్న రెక్కల పలక గుండా పంపుతారు, ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. లారీల్లోనూ, చాలా కార్లలోనూ కనిపించేది ఇదే. ఇక్కడ పరికరం ఒక్కటే. ఇంటర్‌కూలర్ అన్నా, హీట్ ఎక్స్చేంజర్ అన్నా వేలు చూపేది దాన్నే.

రెండోది గాలికి నీరు. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ చాలా ఇంజిన్లలో సిలిండర్ల నెత్తినే కూర్చుంటుంది. గాలిని బండి ముక్కు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చే గొట్టాలకు అక్కడ చోటుండదు. అందుకే ఇంటర్‌కూలర్‌ను గాలి లోపలికి పోయే మానిఫోల్డ్‌లోనే అమర్చి, దానిలో నీళ్లు తిప్పుతారు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని 1.0 టీఎస్ఐ టర్బో ఇంజిన్‌లో ఉన్నదీ ఈ ఏర్పాటే. నొక్కిన గాలి వేడి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లను చిన్న పంపు బండి ముందున్న మరో రేడియేటర్‌కు నెడుతుంది. అక్కడ వేడి బయటి గాలిలో కలుస్తుంది. సూపర్‌చార్జర్ కార్ల వాడుకలో హీట్ ఎక్స్చేంజర్ అన్న పేరు ఈ ముందున్న రేడియేటర్‌కే స్థిరపడింది.

గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది. భౌతికశాస్త్రం ప్రకారం రెండూ ఉష్ణ వినిమయ పరికరాలే. ఒకటి గాలి నుంచి నీటికి, మరొకటి నీటి నుంచి గాలికి వేడిని దాటిస్తుంది. హీట్ ఎక్స్చేంజర్ అన్నది సూత్రానికి పేరు. ఇంటర్‌కూలర్ అన్నది ఉద్యోగానికి పేరు.

ఆ ఉద్యోగం పేరు కూడా అరువు తెచ్చుకున్నదే. ‘ఇంటర్’ అంటే నడుమ. గాలిని రెండు దశల్లో నొక్కేటప్పుడు మొదటి దశకూ రెండో దశకూ నడుమ చల్లార్చేది అసలైన ఇంటర్‌కూలర్. చివరి దశ దాటాక చల్లార్చేది ఆఫ్టర్‌కూలర్. ఫ్యాక్టరీల్లో వాడే రెండు దశల ఎయిర్ కంప్రెసర్లలో ఈ తేడా నేటికీ అలాగే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి స్పిట్‌ఫైర్ విమానాలకు అమర్చిన రోల్స్ రాయిస్ మెర్లిన్ 60 వరుస ఇంజిన్లలో రెండు దశల సూపర్‌చార్జర్ ఉండేది. దశల నడుమ చల్లార్చే ఏర్పాటుతో పాటు చివర మరో కూలర్, వాటి నీళ్లకు విడి పంపు, విడి రేడియేటర్ ఉండేవి. ఒకే దశలో నొక్కే నేటి కారులో ఉన్నది ఆ లెక్కన ఆఫ్టర్‌కూలరే. పేరు మాత్రం ఇంటర్‌కూలర్‌గా నిలిచిపోయింది.

చివరి గుమ్మమే అసలు పరీక్ష

పేర్లను దిద్దడం వల్ల పెద్ద లాభం లేదు. వాడుక పాతుకుపోయింది. దిద్దుకోవాల్సింది ఆలోచనను. ‘కూలర్’ అన్న మాట వినగానే వేడి అక్కడితో మాయమైందన్న భ్రమ కలుగుతుంది. ఏ కూలరూ వేడిని మాయం చేయదు, చోటు మారుస్తుంది అంతే. కాబట్టి బండిలో ఇంటర్‌కూలర్ ఉందా అన్నది సగం ప్రశ్నే. ఆ వేడి చివరికి ఏ గుమ్మం గుండా బయటికి పోతోంది, ఆ గుమ్మం తెరిచి ఉందా అన్నది మిగతా సగం.

పైన చెప్పిన ఇంజిన్ సెకనుకు 80 గ్రాముల గాలి పీలుస్తోందనుకుంటే, 138 నుంచి 70 డిగ్రీలకు దించడానికి తీసేయాల్సిన వేడి సుమారు ఐదున్నర కిలోవాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు దాదాపు మూడు కలిసి ఇచ్చే వేడి అది. నీళ్ల వలయంలో నాలుగు లీటర్లు ఉండి, ముందున్న రేడియేటర్ నుంచి వేడి ఏమాత్రం బయటికి పోకపోతే, పూర్తి భారం మీద ఒక్క నిమిషంలోనే ఆ నీళ్లు 15 నుంచి 20 డిగ్రీలు వేడెక్కుతాయి. నీళ్లు 60 డిగ్రీల మీద ఉంటే, ఎంత మేలైన ఇంటర్‌కూలరైనా గాలిని 60 కంటే కిందికి దించలేదు. వేడి ఎప్పుడూ ఎక్కువ నుంచి తక్కువకే పారుతుంది. ఈ నియమానికి ఏ కంపెనీ ఇంటర్‌కూలరూ మినహాయింపు కాదు.

గాలికి నీరు పద్ధతిని మెచ్చుకునేవారి మాటలోనూ నిజముంది. గాలి నడిచే దారి పొట్టిగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ అందుకుంటుంది. నీటికి వేడిని దాచుకునే శక్తి ఎక్కువ కాబట్టి కొద్ది సెకన్ల పాటు గట్టిగా లాగినా ఉష్ణోగ్రత చటుక్కున పెరగదు. అయితే అది దాచుకోవడమే, వదిలించుకోవడం కాదు. హజీరా నుంచి సచిన్ మీదుగా సాగే రహదారి మీద, లారీల వెనుక నెమ్మదిగా కదులుతూ ఏసీ వేసుకున్న కారును ఊహించుకుంటే అసలు కష్టం తెలుస్తుంది. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్ నీళ్ల రేడియేటర్, ఇంజిన్ రేడియేటర్ ఇరుకు చోట ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. ముందుదాన్ని దాటి వేడెక్కిన గాలే వెనుకదానికి దిక్కు. దుమ్ము, బట్టల పీచు ఎగిరే చోట రెక్కల సందులు పూడుకుపోతే ఆ గాలీ సరిగా అందదు.

అప్పుడు ఇంజిన్ కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి స్పార్కు సమయాన్ని వెనక్కి జరుపుతుంది, గాలి పీడనాన్ని తగ్గిస్తుంది. డ్రైవరుకు తెలిసేది ఒక్కటే, బండి లాగడం లేదని. ఇంటర్‌కూలర్ పోయిందన్న తీర్పు వెలువడితే మానిఫోల్డ్ విప్పాలి. లోపం మాత్రం తిరగని చిన్న పంపులోనో, నీళ్లలో చిక్కిన గాలి బుడగలోనో, పూడుకుపోయిన ముందు రేడియేటర్‌లోనో ఉండి ఉండవచ్చు. గొలుసులో ఏ కొక్కెం ఎక్కడ ఉందో తెలిసిన మెకానిక్ ముందుగా ఈ మూడింటినీ చూస్తాడు. పెద్ద ఇంటర్‌కూలర్ వేయిస్తే బలం పెరుగుతుందని ఆశపడే యజమాని అడగాల్సింది కూడా ముందు రేడియేటర్ దానికి సరిపోతుందా అనే.

తరగతి గదిలో మొదలవ్వాలి

తెలంగాణ నుంచి మగ్గాల పని మీద వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ పిల్లల్లో కొందరు రేపు మిల్లుల్లోనో, గ్యారేజీల్లోనో పనిచేస్తారు. ఐటీఐలో భాగాల పేర్ల జాబితా కంఠస్థం చేయించడం కంటే మూడు ప్రశ్నలు అలవాటు చేయడం మేలు. వేడి ఇచ్చేది ఏది? పుచ్చుకునేది ఏది? చివరికి ఎక్కడికి పోతోంది?

ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన విద్యార్థికి జెట్ డైయింగ్ యంత్రం, కంప్రెసర్, కారు మూడూ ఒకే పాఠంలా కనిపిస్తాయి. తేడా కూడా తెలుస్తుంది. కారు తన వేడిని ఎంత త్వరగా పారేస్తే అంత మంచిది. మిల్లులో మాత్రం రంగునీటిని చల్లార్చి వేడెక్కి బయటికొచ్చే నీళ్లు రంగు అంటని మంచి నీళ్లే. వాటిని కాలువలోకి వదలకుండా తర్వాతి కడుగుకు వాడుకుంటే అంత ఇంధనం మిగిలినట్టే. ఒకచోట వదిలించుకోవాల్సిన బరువు, మరోచోట దాచుకోవాల్సిన సొమ్ము. పరికరం మీద రాసిన పేరు ఆ సంగతి చెప్పదు, వేడి నడిచే దారిని వెతికితేనే తెలుస్తుంది.